సంతోష్ ట్రోఫీ - ఆ పేరెలా వచ్చింది?
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన కుర్రాళ్ల ఫుట్‌బాల్ పోటీకి కప్పు ఇస్తానని ఒక పెద్దమనిషి ముందుకొచ్చారు. ఎవరి పేరు పెట్టాలన్న దగ్గరే కమిటీలో మాట తేలలేదు. అందుకని సంతోష్ ట్రోఫీ సంగతి మనవి చేస్తాను.

గెలిస్తే సంతోషమే గదా, అందుకే ఆ పేరు అనుకుంటారు చాలామంది. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. నిజానికి సంతోష్ ఒక ఊరు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో టాంగైల్ దగ్గర ఉంది. ఆ ఊరి జమీందారు మన్మథనాథ్ రాయ్ చౌధురి కలకత్తాలోని ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు అధ్యక్షులుగా పనిచేశారు. 1939లో కాలం చేశారు. ఆయన జ్ఞాపకార్థం ఆ సంస్థ ఇచ్చిన కప్పే ఇది. పోటీలు 1941లో మొదలయ్యాయి. మొదటి విజేత బెంగాల్.

చిత్రమేమిటంటే, జమీందార్ల మీద రైతుల పక్షాన పోరాడిన మౌలానా భాషానీ సమాధి కూడా ఆ సంతోష్‌లోనే ఉంది. ఆయన 1976లో పరమపదించారు. ఊరు ఒకటే. అక్కడివాళ్లకు మౌలానా గుర్తొస్తారు, మనకు కప్పు గుర్తొస్తుంది.

ఈ పోటీలో రెండో స్థానానికి కమలా గుప్తా ట్రోఫీ. ఆమె అసోసియేషన్ అధ్యక్షులొకరి సతీమణి. మూడో స్థానానికి సంపంగి కప్పు. సంపంగి మైసూరు ఆటగాడు. చూశారా, చెమటోడ్చి ఆడినవాడి పేరు మూడో కప్పుకి దక్కింది!

మన హైదరాబాదు జట్టు ఈ ట్రోఫీని 1956-57లోనూ, 1957-58లోనూ వరుసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ మొదటి రెండు విజయాల వెనుక ఉన్న శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్, ఒకప్పుడు బడిపంతులు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకాలు తెచ్చిపెట్టిన శిక్షకుడూ ఆయనే. 1963లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024 డిసెంబరు 31న ఇదే ట్రోఫీ ఫైనల్ హైదరాబాదులో జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. మనవాళ్లు లేరు.

దాతను నేను తక్కువ చేయడం లేదు. దాత లేనిదే కప్పు లేదు. వారి పేరు కప్పు అడుగున పీఠం మీద చెక్కిద్దాం. కప్పుని మాత్రం రహీం సాబ్ పేరున పిలుద్దాం. "రహీం ఎవరు నాన్నా?" అని రేపు ఒక పిల్లవాడు అడుగుతాడు. ఆ ప్రశ్న కోసమే నా తాపత్రయం.