పిట్ట కోసం కాలువ వంగింది, మన కోసం కాగితం వంగదా?

(కమలాపురం సభలో ఒక టీచరు చేసిన ప్రసంగం)



లంకమల కింది పల్లెల నుంచి పనులు మానుకొని కమలాపురం దాకా వచ్చినారు. అందుకే మీ అడవి సంగతే మాట్లాడతా.

కలివికోడి 1900 తర్వాత కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో రెడ్డిపల్లె దగ్గర బతికే ఉందని తేలింది. రాత్రిపూట లైటు వేసి దాన్ని పట్టి చూపిందెవరు? పిట్టలు పట్టి బతికే పల్లె మనిషి. అడవి చదువు ఎవరి దగ్గర ఉందో ఆనాడే రుజువైంది. 1988లో లంకమల అభయారణ్యం అయింది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పిట్ట తావుకొచ్చినాయి. కేసు ఢిల్లీ దాకా పోయి కాలువ దారే మార్చినారు. మంచిదే! పిట్ట బతకాల్సిందే. మరి కూలోని బతుకో?

మన మేకల వల్లే అడవి పాడైందంటారు. కానీ కలివికోడి దట్టమైన కంపలో ఉండదు, ఉత్త బయల్లోనూ ఉండదు. పొద పొదకూ నడుమ నేల కనబడే చోట ఉంటాది. మితంగా మేకలు మేస్తే, మితంగా కట్టె కొడితే ఆ నేల నిలుస్తాది. మితిమీరితే పిట్టా పోతాది, మన మేపూ పోతాది. కాబట్టి కావాల్సింది తరిమేయడం కాదు, లెక్క. ఆ లెక్కలో మనమూ కూర్చోవాల.

అడవి మీద పెత్తనం ఎవరిది? మొదట రాష్ట్రానిది. 1976లో రాజ్యాంగం సవరించి కేంద్రమూ చెయ్యి వేసింది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకూ చోటిచ్చింది. అభయారణ్యంలోనూ అది చెల్లుతాది. అయితే అందులో ఒక మెలిక ఉంది. గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఉంటే చాలు. మనం మూడు తరాలు, అంటే 75 ఏండ్లు చూపాల. ఊరి బయట ఉంచిన మా తాతకు కాగితం ఎవరిచ్చినారయ్యా?

అధైర్యపడొద్దు. పెద్దలు చెప్పింది రాయించినా సాక్ష్యమే. పాత బావి సాక్ష్యమే. మనోళ్ళను పూడ్చిన బొందలగడ్డ సాక్ష్యమే. ఒకటి చాలదు, రెండన్నా జతచేయాల. ముసలోళ్ళు ఉండంగానే రాయించండి.

ఇంకొక మాట. ఎర్రచందనం అడ్వాన్సు ముట్టుకోవద్దు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చచ్చిపోయినారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినోళ్ళే. పట్టుబడిన దుంగలు సర్కారు వేలం వేస్తాది, కూలోని పెండ్లాం బిడ్డలకు ఏడుపే మిగులుతాది. గొడ్డలి కూలి వద్దు, కాపలా ఉద్యోగం కావాలని అడుగుదాం. వాచరు పనులు, మొక్కల పనులు, మంటలు పాకకుండా గీతలు కొట్టే పనులు ముందు అడవి కింది భూమిలేనోళ్ళకే ఇయ్యాల. కూలి నెలనెలా పడాల.

అంబేడ్కర్ మనకు చదువు, సంఘం, పోరాటం చెప్పినాడు. చట్టం చదివినాం. ఇంక ఊరికి పోయి గ్రామసభ పెట్టించండి, అర్జీ రాయండి, రసీదు అడగండి.

జైభీమ్!