ఇంటి పలుకు, కొత్త పాట
తలిదండ్రులారా,

వచ్చు ఏడు పిల్లలను తెలుగు విభాగము నుండి మాన్పింప మీలో కొందఱు తలంచుచున్నారని వింటిమి. ఇంటి భాషతో బయట పనియేమని వారి ప్రశ్న. ఓమార్ రొడ్రీగెజ్ లోపెజ్ అను గిటారు వాదకుని సంగతి చెప్పెదము. ఆయన 1975లో ప్యూర్టోరికోలో జన్మించి, టెక్సాసునందలి ఎల్‌పాసోలో పెరిగెను. మార్స్ వోల్టా బృందమున, ఎక్కువగా ఇంగ్లీషు పాటలతో, ప్రఖ్యాతి గాంచెను. అట్టివాడు 2009లో తన పేర వెలువరించిన ‘జెనోఫనీస్’ ఆల్బమును స్పానిషున పాడెను. పేరు మాత్రము గ్రీకు తత్త్వవేత్తది! గిటారు మ్రోఁతలు మెలికలు తిరుగును, లాటిను లయలు వానితో పెనఁగులాడును. మా వయసువారి చెవికి కొంత కష్టమే. అయినను ఆ వింత ధ్వనుల నడుమ, మెక్సికో గాయని హిమేనా సరిన్యానా తోడుగా, ఆయన తన ఇంటి పలుకునే పలికెను. ఇంగ్లీషు శ్రోతలకై మాటలు మార్చలేదు.