తూకం ముల్లు కదలని రోజుల్లో

(మార్చి 4, ప్రపంచ ఊబకాయ దినం సందర్భంగా జోనల్ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక బ్రాంచి మేనేజర్ గారి సతీమణి చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, డైటీషియన్ని కూడా కాను. రెండేళ్ల కిందట మా వారికి బరువు తగ్గించే ఆపరేషన్, అంటే బేరియాట్రిక్ సర్జరీ జరిగింది. అప్పటి నుంచి ఆయన భోజనం సంగతి నేనే చూస్తున్నాను. ఆపరేషన్ ఎలా చేస్తారో సర్జన్లు నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత ఇంట్లో జరిగే సంగతి. ముఖ్యంగా బరువు తగ్గుతూ తగ్గుతూ ఒక్కసారిగా ఆగిపోతుంది చూడండి, ఆ రోజుల సంగతి. మా వారి అనుమతి తీసుకునే ఈ అంకెలన్నీ మీ ముందు పెడుతున్నాను. అదిగో, మూడో వరసలో కూర్చుని వింటున్నారు.

ఆపరేషన్ దాకా వచ్చిన కథ

బ్యాంకు ఇళ్లలో ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. మూడేళ్లకో బదిలీ, పిల్లల చదువుల కోసం మేము ఒక ఊళ్లో, ఆయన ఒక ఊళ్లో, మెస్సు భోజనం. క్లోజింగ్ రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి అన్నం, రాత్రి పదకొండింటికి మళ్లీ అన్నం. మధ్యలో టీలు, మిరపకాయ బజ్జీలు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 124 కిలోలు. అంటే బీఎంఐ దాదాపు 43. షుగరు, బీపీ, పైగా నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు. డైటింగ్ చేసి మూడుసార్లు తగ్గారు, మూడుసార్లూ తగ్గినదానికంటే ఎక్కువ పెరిగారు.

ఆయనకు చేసింది స్లీవ్ ఆపరేషన్. జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు, ఒక్కోసారి అంతకంటే కాస్త ఎక్కువ తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా తీసేసిన దాంట్లోనే పోతుంది. అందుకే మొదటి నెలల్లో ఆకలి బాగా తగ్గుతుంది.

మొదటి రెండు వారాలు పలచటి ద్రవాలు, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తగా ఉడికినవి, రెండు నెలలకు అటూఇటూగా మామూలు తిండి. ఈ వరుస ఆస్పత్రిని బట్టి కొంచెం మారుతుంది. ఎవరి ఆస్పత్రి ఇచ్చిన కాగితం వాళ్లకు ప్రమాణం.

పీఠభూమి

మూడో వారానికి పది కిలోలు తగ్గారు. ఇల్లంతా సంబరం. తర్వాత పన్నెండు రోజులు ముల్లు కదల్లేదు. డాక్టర్లు దీన్ని ప్లాటో అంటారు, పీఠభూమి అని అర్థం. దక్కను పీఠభూమి అని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు, చదునుగా సాగుతుంది.

డైటీషియన్ గారు దీనికి కారణం విడమరిచి చెప్పారు. తిండి బాగా తగ్గినప్పుడు శరీరం ముందుగా కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజన్‌ని ఖర్చు చేస్తుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అది కరిగితే నీరు కూడా పోతుంది కాబట్టి మొదట్లో బరువు గబగబా పడిపోతుంది. తర్వాత శరీరం ఆ నిల్వలో కొంత తిరిగి నింపుకుంటుంది, నీటినీ పట్టి ఉంచుకుంటుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా తూకంలో కనబడదు. ఈ తొలి ఆగుడు చాలామందికి వస్తుందట. మా వారికి పదమూడో రోజున దానంతట అదే వీడింది.

అసలు పరీక్ష ఏడో నెలలో వచ్చింది. 92 కిలోల దగ్గర ఏడు వారాలు ఆగిపోయారు. దీనికి కారణం వేరు. 124 కిలోల మనిషిని మోయడానికి శరీరానికి కావలసిన శక్తి 92 కిలోల మనిషికి అక్కర్లేదు. పైగా తిండి తగ్గిందని గ్రహించిన శరీరం, జీతం తగ్గిన ఇల్లాలిలా, ఖర్చు ఇంకాస్త బిగబడుతుంది. కొవ్వుతోపాటు కండ కూడా కరిగితే ఆ ఖర్చు మరీ పడిపోతుంది.

ఈ సంగతులు మనకు తెలిసినా చుట్టాలకు తెలియవు కదండీ. మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, అంత పెద్ద ఆపరేషన్ చేయించుకుని అన్నయ్య ఇంకా అక్కడే ఉన్నాడేంటి?" అంది. బ్రాంచిలో ఎవరో, "సార్, లక్షలు పోసి ఇంతేనా?" అని నవ్వారట. ప్రేమతో అన్నా, సరదాకు అన్నా, ఆ మాటలు ఆయన లోపలికి వెళ్లాయి. పొద్దున్నే లేచి తూకం ఎక్కడం, దిగి మాట్లాడకుండా కూర్చోవడం మొదలైంది. ముందు గుడ్డు మానేశారు, తర్వాత పప్పు. "పెరుగన్నం నాలుగు చెంచాలు చాలు" అనేవారు. మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయని పిల్లలతో చెప్పారు, నాతో చెప్పలేదు.

మూడు రోజుల చిట్టా

అప్పుడు డైటీషియన్ గారు మూడు రోజుల పాటు నోట్లో పడిన ప్రతిదీ రాసుకు రమ్మన్నారు. చిట్టా రాయడం మా వారికి చెప్పాలా! పైసాతో సహా రాశారు. ఉదయం పంచదార కాఫీ. ఒక ఇడ్లీ, సాంబారు. పదకొండింటికి టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం పెరుగన్నం నాలుగు చెంచాలు. సాయంత్రం లోను శాంక్షనైన కస్టమరు తెచ్చిన స్వీటు ముక్క. ఆరింటికి గుప్పెడు మిక్స్చరు. రాత్రి మజ్జిగ, సగం పుల్కా.

చూస్తే అంతా కొంచెమే. కానీ లెక్క కడితే రోజుకు 30 గ్రాముల మాంసకృత్తులు కూడా లేవు. ఆయనకు పెట్టిన లక్ష్యం 70 గ్రాములు. ఆపరేషన్ అయినవాళ్లకు మామూలుగా రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలంటారు. భోజనంలో గుడ్డూ పప్పూ తీసేస్తే కడుపు నిలకడగా నిండదు, రెండు గంటలకే ఏదో ఒకటి కావాలనిపిస్తుంది. అప్పుడు మిక్స్చరు, బిస్కెట్టు, స్వీటు వస్తాయి. ఇవి నోట్లో వేస్తే కరిగి సన్నటి గొట్టంలోంచి జర్రున జారిపోతాయి, కడుపు నిండిన జాడే ఉండదు. కొంచెం కొంచెంగా రోజంతా తినగలరు. అంటే భోజనం దగ్గర కడుపు మాడ్చుకోవడం, మధ్యలో చిరుతిళ్లు తినడం అనేవి రెండు వేర్వేరు సమస్యలు కావు. మొదటిదే రెండోదాన్ని పిలుస్తుంది.

నా మాటల్లో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటుంటే అది ఇదే: ముల్లు ఆగినప్పుడు కంచం తగ్గించకూడదు, కంచం సరిచేయాలి.

మన విస్తరి వరుస

మన భోజనం అన్నం చుట్టూ తిరుగుతుంది. పప్పైనా, కూరైనా, పులుసైనా, చారైనా, పెరుగైనా అన్నం కలుపుకోవడానికే. మామూలు కడుపుకు అది సరిపోతుంది. ఒక చిన్న కప్పు పట్టే కడుపులో మొదటి నాలుగు ముద్దలు అన్నమే అయితే మిగతావాటికి చోటే ఉండదు. అందుకని మా ఇంట్లో వరుస తిరగేశాం. ముందు చేప ముక్కో, కోడికూర ముక్కలో, గుడ్డో, గట్టి పప్పో. తర్వాత కూర. చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం.

ఈ వరుసను నిలబెట్టింది మా అత్తయ్యగారు. కొడుకు కంచంలో అన్నం లేకపోతే ఆవిడకు ప్రాణం ఉసూరుమనేది. "ఒక్క ముద్ద పెట్టనీవే" అనేవారు. ఒకసారి ఆవిడనే డైటీషియన్ దగ్గరకు తీసుకెళ్లాం. ఇంటికొచ్చాక, "ఒరే, ముందు చేప ముక్క కానీ, అన్నం తర్వాత పెడతాను" అని ఆవిడే కాపలా కూర్చున్నారు. పెట్టే చెయ్యి అదే, ముద్ద మారింది అంతే.

ఇప్పుడు ఆయన రోజు ఇలా ఉంటుంది. ఉదయం చిన్న పెసరట్టు, ఉడికించిన గుడ్డు. పదకొండింటికి చిన్న గిన్నెడు గట్టి పెరుగు. మధ్యాహ్నం 60 గ్రాముల చేప లేదా కోడికూర, కొంచెం పప్పు, కూర. సాయంత్రం ఉడికించిన సెనగల గుగ్గిళ్లు. పాలలో డైటీషియన్ రాసిన ప్రొటీన్ పొడి. రాత్రి గుడ్ల కూర, సగం జొన్నరొట్టె. శాకాహారులు దిగులు పడక్కర్లేదు. 100 గ్రాముల పనీరులో సుమారు 18 గ్రాములు, 25 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 13 గ్రాములు, గ్లాసు పాలలో 6 గ్రాముల పైన మాంసకృత్తులు ఉంటాయి.

మిగతా నియమాలు చిన్నవే కానీ మానకూడనివి. ముద్ద బాగా నమలాలి, భోజనానికి ఇరవై ముప్పై నిమిషాలు పట్టాలి. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మిగతా సమయంలో గుక్క గుక్కగా లీటరున్నర తగ్గకుండా తాగాలి. పంచదార కాఫీ, కూల్ డ్రింకు, జ్యూసు జారిపోయే జాబితాలోనివే. మద్యం అసలే వద్దు, ఈ ఆపరేషన్ల తర్వాత అది త్వరగా తలకెక్కుతుంది. విటమిన్, బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ మాత్రలు డాక్టరు రాసినట్టు జీవితాంతం వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రల మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. కండ నిలవడానికి నడకతోపాటు, డాక్టరు సరేనన్నాక, బరువులెత్తే తేలికపాటి వ్యాయామం కావాలి.

తూకం ఒక్కటే లెక్క కాదు

సేవింగ్స్ ఖాతా పాసుబుక్కు రోజూ ప్రింటు చేయిస్తే వడ్డీ రోజూ కనబడదు కదా. తూకం కూడా అంతే. మేము దాన్ని వారానికి ఒక రోజుకు మార్చాం, ఆదివారం ఉదయం. మిగతా లెక్కలు మొదలుపెట్టాం. ఆ ఏడు వారాల్లో నడుము కొలత రెండు అంగుళాలు తగ్గింది. బెల్టుకు కొత్త చిల్లు పొడిపించాం. షుగరు మాత్రలు రెండు నుంచి ఒకటికి వచ్చాయి. అది డాక్టరు తగ్గించారు, మనంతట మనం తగ్గించకూడదు. ముల్లు కదలకపోయినా మనిషి మారుతూనే ఉన్నారు.

ఎనిమిదో వారంలో ముల్లు కదిలింది. మేము మార్చినదాని వల్లే కదిలిందని నేను పందెం కట్టను, శరీరం తనంతట తానూ కదులుతుంది. కానీ కళ్లు తిరగడం పోయింది, మనిషి మళ్లీ మాట్లాడసాగారు. నాకు అది చాలు. పదిహేనో నెలకు 83 కిలోలకు వచ్చారు. ఇప్పుడు 86. అట్టడుగుకు చేరాక కొద్దిగా పెరగడం మామూలేనని డాక్టరు చెప్పారు. ఏడాదీ ఏడాదిన్నర దాటాక బరువు ఒకచోట నిలబడితే దాన్ని ఆగిపోవడం అనకండి. చేరవలసిన చోటు అదే.

ఇంటివాళ్లకు నా మనవి

ఒకటి. వాంతులు ఆగకపోయినా, నీళ్లు కూడా ఇమడకపోయినా, తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, గుండెదడ ఉన్నా "ఆపరేషన్ అన్నాక ఇలాగే ఉంటుంది" అనుకోకండి. వెంటనే సర్జన్‌కు చెప్పండి. వాంతులు రోజుల తరబడి సాగితే థయామిన్ అనే విటమిన్ తగ్గి కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం వంటివి రావచ్చు, అది ఆలస్యం చేసే విషయం కాదు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం చాలామందికి ఉంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు, కానీ మాంసకృత్తులు, ఐరన్ సరిపోతున్నాయో లేదో చూపించుకోండి.

రెండు. మందీ మార్బలంలో కంచం వైపు చూసి వ్యాఖ్యానం చేయకండి. "ఇంతేనా తినేది?" అన్నా, "ఇంకా తింటున్నావా?" అన్నా ఆ మనిషి నలుగురిలో తినడం మానేసి, ఒంటరిగా తినడం నేర్చుకుంటారు. పెళ్లిళ్లలో మేము చిన్న ప్లేటు అడిగి పక్కపక్కనే కూర్చుంటాం, అంతే.

మూడు. "ఎంత తగ్గావు?" అని అడగడం మానేద్దాం. "ఈ వారం ఎలా ఉంది?" అని అడుగుదాం. ఆ ప్రశ్నకు ముల్లు ఆగిన వారంలో కూడా జవాబు ఉంటుంది.

మన సిబ్బందిలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, చేయించుకోవాలని ఆలోచిస్తున్నవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. బయటికి చెప్పుకోవడానికి మొహమాటపడుతుంటారు. టీ విరామంలో నేనూ, మా వారూ ఆ కిటికీ పక్కన ఉంటాం. రండి, మాట్లాడుకుందాం. టీలో పంచదార మాత్రం అడగకండి.