పెద్ద గ్రంథానికి తెలుగు వాకిలి

(హోసూరులో జరిగిన తెలుగు సభలో చేసిన ప్రసంగ పాఠం)



భాషాహక్కు అనగానే మనకు బడి, బడిపుస్తకం, న్యాయస్థానం గుర్తుకు వస్తాయి. రావలసిందే. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి సాగి పదో తరగతికి చేరేసరికి మన పిల్లలు పడిన అగచాట్లు ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. అయితే బడి దాటిన తరువాత మన పిల్లలకు ఎదురయ్యే మరో మూసిన తలుపు ఉంది. దానిని గురించి నాలుగు మాటలు విన్నవిస్తాను.

హోసూరు నుండి బెంగుళూరు 40 కిలోమీటర్లు. దారిలోనే ఎలక్ట్రానిక్ సిటీ. నేను ఇక్కడి పల్లెలో తెలుగు బడిలో చదువుకొని, ఆ దారినే వెళ్లి ప్రోగ్రాములు రాయడాన్ని వృత్తిగా చేసుకొన్నవాణ్ణి. ఈ వృత్తిలో సగం పని రాయడం కాదు, చూసుకోవడం. ప్రతి కంప్యూటరు భాషకూ ఒక సంప్రదింపు గ్రంథం ఉంటుంది. మాన్యువల్ అనీ, డాక్యుమెంటేషన్ అనీ అంటున్నాం. దానిని ఎవరూ మొదటి నుండి చివరి దాకా చదవరు. కావలసిన చోటికి వెళ్లి, కావలసినది తీసుకొని వస్తారు. కనుక ఆ గ్రంథం విలువ ఎంత ఉన్నదనేదానిలో లేదు. ఎంత త్వరగా దొరుకుతుందనేదానిలో ఉంది.

ఈ సంగతి తొలితరం వారికి బాగా తెలుసు. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు 1971 నవంబరు 3 తేదీతో వెలువడింది. ఆజ్ఞలకు ఒక భాగం, వ్యవస్థను పిలిచే పిలుపులకు ఒక భాగం. ప్రతి అంశమూ ఒకే వరుసలో నడుస్తుంది: పేరు, వాడే తీరు, వివరణ, ‘ఇవి కూడా చూడండి’, తెలిసిన లోపాలు. ఒక పుట చదవడం వచ్చినవారికి అన్ని పుటలూ చదవడం వచ్చినట్టే.

మనకిది కొత్త విద్య కాదు. అమరకోశం మాటలను వర్గాలుగా కూర్చింది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమూ అంతే: దేవవర్గు, మానవవర్గు అంటూ సాగుతుంది. పేరు తెలియక విషయం మాత్రమే తెలిసినవారికి ఆ దారి. బ్రౌను నిఘంటువు, శబ్దరత్నాకరం అకారాది వరుసలో ఉన్నాయి. పేరు తెలిసినవారికి ఈ దారి. పెద్ద గ్రంథానికి రెండు దారులూ కావాలి. నేడు విరివిగా వాడే పైతాన్ భాష గ్రంథంలో రెండూ ఉన్నాయి: విషయాలవారీగా అధ్యాయాలు, చివర అకారాది సూచిక వంటిది. కాని ఆ రెండు దారులకూ ఇంగ్లీషులోనే వాకిళ్లు.

ఇక్కడే మన పిల్లవాడు ఆగిపోతాడు. ఒక వాక్యానికి అటూ ఇటూ ఉన్న ఖాళీలను తీసివేయాలని అతనికి తెలుసు. ఆ పనికి పైతాన్‌లో ‘స్ట్రిప్’ అని పేరు. ఆ పేరు తెలిస్తే గ్రంథం చూడనక్కరలేదు. తెలియకపోతే చూసినా దొరకదు. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవారికీ ఈ చిక్కు తప్పలేదు. 1987లో ఫర్నాస్, లాండవర్, గోమెజ్, డ్యూమే అనే పరిశోధకులు దీనిని కొలిచి చూశారు. ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు ఒకే పేరు ఎంచుకొనే అవకాశం 20 శాతం కూడా లేదని తేల్చారు. వారు చెప్పిన మందు సులువైనదే: ఒక వస్తువుకు ఒక్క మంచి పేరు వెతకడం మాని, జనం నోట వచ్చే పేర్లన్నింటినీ చేర్చి, అన్నింటినీ ఒకే చోటికి పంపండి అన్నారు.

ఇంగ్లీషువారికే అన్ని పేర్లు కావలసి వస్తే, మన పిల్లలకు తెలుగు పేర్లు అక్కరలేదా? ‘స్ట్రిప్’ దగ్గరికి చేరడానికి తీసివేయు, కత్తిరించు, చివరలు చెక్కు, చెనక్కాయ ఒలిచినట్టు ఒలుచు అనే మాటలన్నీ వాకిళ్లే. ‘సార్ట్’కు వరసపెట్టు, పేర్చు, క్రమపరచు. ‘స్ప్లిట్’కు చీల్చు, తుంచు, విడగొట్టు. మన పారిభాషిక పదాల సభలలో ‘లిస్ట్’ను జాబితా అనాలా, పట్టీ అనాలా, చిట్టా అనాలా అని పొద్దుగూకే దాకా వాదించుకొంటాం. సూచికలో ఆ తగవే లేదు. మూడూ ఉంటాయి. హోసూరు మాట, తెలంగాణ మాట, కోస్తా మాట పక్కపక్కన కూర్చొని ఒకే చోటికి దారి చూపుతాయి.

గ్రంథమంతా తెలుగులోకి రావద్దని నేననడం లేదు. జపానీ, ఫ్రెంచి, కొరియా భాషలవారు పైతాన్ గ్రంథాన్ని తమ భాషల్లోకి తెచ్చుకొంటున్నారు. అనువాదాలను నడిపే పద్ధతిని 2017లో పైతాన్ వారే రాసిపెట్టారు. అయితే వేల పుటల పనికి ఏళ్లు పడుతుంది. వాకిలి కట్టడానికి అన్నేళ్లు అక్కరలేదు. పైతాన్‌లో మాటలవరుసలపై చేసే పనులు 40కి పైగా, భాషలోనే కలిసివచ్చే పనులు సుమారు 70. రెండూ కలిపి సుమారు 120. ఒక్కొక్కదానికి నాలుగు తెలుగు మాటలు అనుకొన్నా, 500 ఆరోపాలు దాటవు. పదిమంది పూనుకొంటే ఒక్కొక్కరికి 50.

కట్టేటప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి: ఆరోపం పక్కన ఒక్క వాక్యంలో తెలుగులో అర్థం ఉండాలి. తాను వెతికేది అదేనా కాదా అన్నది పుట తెరవకముందే తెలియాలి.

రెండు: దారి పుట మొదటికి కాదు, ఆ అంశం ఉన్న చోటికే తీసుకొనిపోవాలి. పొడవైన పుట పైన దించి నీవే వెతుక్కో అనడం ఊరి పొలిమేరలో వదిలివేయడం వంటిది.

మూడు: వరుస మన వరుసగా ఉండాలి. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్లున్నాయి. అందులో ళ అక్షరం ల పక్కన, ఱ అక్షరం ర పక్కన ఉన్నాయి. మనం బడిలో వాటిని హ తరువాత నేర్చుకొన్నాం. యంత్రాన్ని ఊరకే పేర్చమంటే గళ్ల సంఖ్యను బట్టి పేరుస్తుంది. ‘క్షమ’ను క కింద పెడుతుంది. మన వరుస ఇదని యంత్రానికి చెప్పాలి. చెబితే వింటుంది.

నాలుగు: తెలుగు మాట కదిలే మాట. పిల్లవాడు ‘వరసపెట్టడం’ అనవచ్చు, ‘వరసపెట్టాలి’ అనవచ్చు. ‘వరసపెట్టు’ అన్న ఆరోపంలో చివరి అచ్చును వదిలి పోల్చితే అన్నీ ఒకచోటికి వస్తాయి. ఇంగ్లీషు కోసం చేసిన వెతుకుడు పనిముట్టు ఈ పని తనంతట తాను చేయదు.

ఐదు: పైతాన్ పేరును మార్చకూడదు. ‘ఒలుచు’ వాకిలి; లోపల ఉన్నది ‘స్ట్రిప్’. రేపు కొలువులో అతడు రాయవలసినది అదే. తెలుగు వాకిలి పిల్లవాణ్ణి బయట నిలిపేది కాదు, లోపలికి పంపేది.

ఈ పనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. కంప్యూటరు తెలిసినవారే కావాలనీ లేదు. ఒక పనిని మీ ఊరిలో ఏమంటారో చెప్పే అమ్మలు, అవ్వలు, సేద్యగాళ్లు కావాలి. పత్రం మీద రాసిచ్చినా చాలు, కంప్యూటరులోకి ఎక్కించే బాధ్యత మాది.

తెలుగు బడులను నిలుపుకోవడానికి మన పెద్దలు పోరాడుతున్నారు. ఆ బడి నుండి బయటికి వచ్చిన బిడ్డకు తెలుగుతో తెరుచుకొనే తలుపు ఒక్కటైనా కనబడాలి. అది కనబడని నాడు, ఆ బడిలో ఎందుకు చేర్చారని ఆ బిడ్డే మనలను అడుగుతాడు. మొదటి 500 మాటలు ఈ హోసూరు నుండే వెళ్లాలని కోరుతున్నాను.