వెలుగు పుట్టించిన అలలు – వాని ఆయుర్దాయము



పండిన వరిచేనిపై గాలి వీచినప్పుడు ఒక గట్టునుండి మరియొక గట్టువరకు అల సాగిపోవుట ఎల్లరు ఎరిగినదే. కంకి తన చోటనే ఊగును. సాగిపోవునది ఊపు మాత్రమే. అయినను ఆ అలకు వేగము, దిక్కు, పుట్టుక, అణగుట అన్నియు కలవు. పరమాణువుల లోకమునందును ఇట్టివి కలవు. అనేక పరమాణువులు కలసి కదలుటచే ఏర్పడి, ఒకే కణమువలె ప్రవర్తించు అలను శాస్త్రజ్ఞులు క్వాసీపార్టికల్ అందురు. దానిని కణాభాసమని చెప్పుకొనవచ్చును.

ఈ అలకు తగిన చేను ఏది? ఢాకా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడైన సత్యేంద్రనాథ బోసు 1924లో కాంతికణములను లెక్కించు నూతన మార్గమును కనుగొని, తన వ్యాసమును ఐన్‌స్టీనునకు పంపెను. ఐన్‌స్టీను దానిని జర్మను భాషలోనికి అనువదించి ప్రకటింపజేసి, ఆ లెక్కనే పరమాణువులకును అన్వయించెను. మిక్కిలి చల్లబడిన వాయువునందు పరమాణువులు పెక్కు ఒకే స్థితికి చేరునని 1925 నాటికి తేల్చెను. ఆ మాట ప్రత్యక్షమగుటకు 70 ఏండ్లు పట్టెను. 1995లో అమెరికాలోని బౌల్డరు నగరమున కార్నెల్, వీమన్ అనువారు రుబీడియము వాయువును అట్లు చల్లబరచిరి. అంతకు మించిన చలి లేదనదగిన పరమశూన్యము మైనస్ 273.15 సెంటిగ్రేడు డిగ్రీలు. దానికి ఒక డిగ్రీలో కోటికి రెండు పాళ్లకంటె తక్కువ దూరమునకు వారు చేరిరి.

ఇట్టి వాయువుపై పౌనఃపున్యమున స్వల్పభేదము గల రెండు లేజరు కిరణములను ప్రసరింపజేయుదురు. వాయువు ఒక కిరణమునుండి కాంతిని గ్రహించి రెండవదానిలోనికి విడుచును. ఆ ఇచ్చిపుచ్చుకొనుటలో మిగిలిన శక్తియు ద్రవ్యవేగమును అలయై నిలుచును.

ఆ అల చిరంజీవి కాదు. వేడిమివలన ముందే పుట్టియున్న మరియొక అల తగిలి దానిని మ్రింగవచ్చును. దీనిని లాండౌ పేర వ్యవహరింతురు. అట్టి వేడి అలలు లేకున్నను, పరమశూన్యమునందు సైతము, ఒక అల రెండు చిన్న అలలుగా చీలగలదని సోవియట్ శాస్త్రజ్ఞుడు బెలియాయెవ్ 1958లో గణించి చెప్పెను. ఇజ్రాయెలులోని వైజ్‌మన్ విజ్ఞానసంస్థవారు లేజరుచే అలలు పుట్టించి, ఆ చీలికను కొలిచి 2002లో ప్రకటించిరి. ద్రవ్యవేగము తగ్గినకొలది చీలిక అరుదగుట వారు గమనించిరి.

దీనివలన తెలిసినదేమి? అల చీలినను శక్తి నశింపదు; చిన్న అలలకు పంపకమగును. అది ఎంత కాలమునకు చీలెనో కొలిచినచో, కంటికి కానరాని పరమాణువులు ఒకదానినొకటి ఎంత బలముగా త్రోసికొనుచున్నవో తెలియును. ఘర్షణ లేక ప్రవహించు ద్రవముల రహస్యమును విచారించుటకు ఇది ఆధారము. ఢాకాలో కాగితముపై వ్రాసిన లెక్క ఇంత దూరము ఫలించినది. తక్షణ ప్రయోజనము కానరాదని ఏ విద్యను త్రోసివేయరాదు.