కాగితంతో కుట్టిన భయం

అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ గురించి, ఆ రోజుల్లో చూసే హారర్ సినిమాల గురించి, తినే తీపి గురించి, కట్టే వేషాల గురించి మాట్లాడమని ఈ రేడియో కేంద్రం వారు అడిగారు. పిల్లలు వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరుగుతారనీ, గుమ్మడికాయకి కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెడతారనీ మీకు నేను చెప్పనక్కర్లేదు. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ప్రతి ఇంటికీ ఆ ఫోటోలు ఏటా ఫోన్లో వస్తూనే ఉన్నాయి. ఆ పండగలో నాకు ప్రాణమైనది వేరే ఉంది. భయాన్ని చేత్తో తయారుచేసుకోవడం. ఆ పనితనం గురించి చెబుతాను.

దెయ్యాల సినిమాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు తెరమీదికి వస్తే మా చెల్లెలు నా ఒళ్ళో తల దాచుకునేది, నేను మాత్రం రెప్ప వేసేదాన్ని కాదు. 1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' వచ్చినప్పుడు, హాలు నుంచి బయటికొచ్చాక కూడా వీధిలో ప్రతి చప్పుడికీ వెనక్కి తిరిగి చూశాను. ఆ తర్వాతే, ఇలాంటి సినిమాలు ఎలా తీస్తారో వెతికి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆశ్చర్యం వేసింది. ఆ భయంలో చాలా భాగం వంటింటి సరుకుతోనే తయారైంది!

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ముందు చెవి సంగతి. హిచ్‌కాక్ 'సైకో' 1960లో వచ్చింది. స్నానాల గదిలో కత్తి దిగుతున్న చప్పుడు కోసం రకరకాల కాయలు తెప్పించి, ఒక్కొక్కదాన్నీ కత్తితో పొడిచి వినిపించారు. హిచ్‌కాక్ విని, 'కసాబా' అనే ఒక రకం ఖర్బూజాని ఎంచుకున్నాడు. నీళ్ళలో పారే నెత్తురు చాక్లెట్ సిరప్. సినిమా నలుపు తెలుపు గనక అది చాలింది. 1968లో జార్జ్ రొమేరో చాలా తక్కువ డబ్బుతో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో నెత్తురు కూడా చాక్లెట్ సిరపే.

1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్'లో పిచ్చి శాస్త్రవేత్త శవాల ముక్కలతో తయారుచేసిన రాక్షసుడి బల్లపరుపు తల గుర్తుందా? దాన్ని చేసినవాడు జాక్ పియర్స్ అనే మేకప్ కళాకారుడు. దూది, కొలోడియన్ అనే జిగురు మందు పొరలు పొరలుగా వేసి రోజూ గంటల తరబడి ఆ వేషం వేసిన బోరిస్ కార్లాఫ్ నెత్తిమీద ఆ తలని కట్టేవాడు. తల పైభాగం ఎందుకు చదునుగా ఉండాలో ఆయన ఆలోచించిన తీరు నాకు చాలా ఇష్టం. మెదడు మార్చాలంటే పుర్రె తెరవాలి. ఆ పిచ్చి శాస్త్రవేత్త చేయి తిరిగిన సర్జన్ కాడు. పెట్టె మూత కోసినట్టు అడ్డంగా కోసేసి, మళ్ళీ మూసి బిగించి ఉంటాడు. ఆ తర్కంలోంచి పుట్టిన తల అది. రెప్పల మీద మైనం వేసి కళ్ళు సగం మూతపడేలా చేద్దామన్న ఆలోచన కార్లాఫ్‌దే.

ఇక 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' సినిమా. హంతకుడి ముసుగు కొట్లో రెండు డాలర్లలోపు దొరికిన, 'స్టార్ ట్రెక్'లోని కెప్టెన్ కర్క్ ముసుగు. కళ్ళ రంధ్రాలు పెద్దవి చేసి, చెంపల జుట్టు పీకేసి, తెల్లరంగు వేశారు. కథ ఆకురాలు కాలంలో జరుగుతుంది, తీసిందేమో కాలిఫోర్నియా వసంతంలో. అందుకని ఆకులకి రంగు వేసి నేలమీద చల్లారు. షాట్ అయిపోగానే అవే ఆకులు ఏరుకుని ఇంకో వీధిలో చల్లారు. అంత పొదుపుగా తీసిన సినిమా ఇన్నేళ్ళ తర్వాత కూడా గుండె ఆపేస్తుంది.

సినిమాలు ఇక చాలు. నా మనసంతా కాగితం మీద ఉంది.

మాసచూసెట్స్‌లో, బోస్టన్‌కి పడమట ఫ్రామింగ్‌హామ్ అని ఒక ఊరుంది. పక్కనే ఆష్‌లాండ్‌లో శ్రీలక్ష్మి గుడి ఉండడంతో ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి బాగా పరిచయమైన చోటే. కానీ గుడికి వెళ్ళొచ్చే మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హాలోవీన్‌కి ఇప్పుడున్న నలుపు నారింజ రూపం దిద్దడంలో ఈ ఊరికి పెద్ద చేయి ఉంది. ఇక్కడే డెన్నిసన్ కంపెనీ క్రేప్ పేపర్ తయారుచేసేది. ఆ కాగితం అమ్ముకోవడానికి 1909లో 'బోగీ బుక్' అని ఒక చిన్న పుస్తకం వేశారు. 1912 నుంచి ఏళ్ళ తరబడి కొత్త కొత్త సంచికలు వచ్చాయి. గదిని ఎలా అలంకరించాలి, బల్లమీద ఏం పరవాలి, పిల్లలతో ఏ ఆటలు ఆడించాలి, అన్నిటికన్నా ముఖ్యంగా, కాగితంతో మంత్రగత్తె గౌను, నల్లపిల్లి, గబ్బిలం వేషాలు ఎలా కుట్టాలి, అన్నీ బొమ్మలతో ఉండేవి. డబ్బున్నవాళ్ళ కోసం కాదది. పట్టుగుడ్డ కొనలేని ఇల్లాలు కొద్దిపాటి చిల్లరతో రెండు చుట్టలు కాగితం కొని, రాత్రి పిల్లలు పడుకున్నాక కుట్టుమిషను ముందు కూర్చునేది.

మా అమ్మాయి చిన్నప్పుడు మేము ఆ ప్రాంతంలోనే ఉన్నాం. పక్కింటి పెద్దావిడ దగ్గర వాళ్ళమ్మ దాచిన బోగీ బుక్ ఒకటుండేది. అట్ట ఊడిపోయింది, పేజీల మీద టీ మరకలు. మా అమ్మాయికి నల్లపిల్లి వేషం కావాలంటే ఆవిడే నాకు పని నేర్పింది. కాగితాన్ని నేరుగా కుడితే చిరుగుతుంది, ముందు పాత పల్చటి గౌను ఒకటి తీసుకుని దానిమీద కుట్టాలంది. కుట్టు పొడుగ్గా వెయ్యాలి, దగ్గర కుట్లు పడితే కాగితం ఆ గీత వెంటే ఊడొస్తుంది. క్రేప్ పేపర్ ఒక వైపే సాగుతుంది కాబట్టి కత్తిరించే ముందే ఆ వైపు చూసుకోవాలి. ఇక అంచు. రెండు చేతుల బొటనవేలూ చూపుడువేలూ మధ్య అంచుని పట్టుకుని, ఒక చేత్తో ముందుకీ ఒక చేత్తో వెనక్కీ మెల్లిగా సాగదీస్తూ పోవాలి. అప్పుడది లంగా ఫ్రిల్లులా అలలు తేలుతుంది. ఆవిడ వేళ్ళు వాతంతో వంకర్లు పోయాయి, అయినా అంచు మీద అవి ఎక్కడా తడబడలేదు.

హాలోవీన్ సాయంత్రం సన్నగా జల్లు పడింది. క్రేప్ పేపర్ రంగు తడికి నిలవదు. నల్లరంగు మా అమ్మాయి మెడమీదికీ చేతుల మీదికీ చారలు చారలుగా కారింది. అది ఏడుస్తుందేమోనని నేను చూస్తుంటే, దీపం కింద అద్దంలో తన మొహం చూసుకుని, "అమ్మా, ఇప్పుడు నిజంగా భయం వేస్తోందే!" అని ఎగిరి గంతేసింది. ఆ రంగు వదలడానికి రెండు మూడు తలంట్లు పట్టింది.

ఒక్క రాత్రి వేసుకుని పారేసేవి కాబట్టి ఆ కాగితం వేషాలు ఇప్పుడు దాదాపు దొరకవు. అరుదుగా ఒకటి బయటపడితే సేకరించేవాళ్ళు ఎగబడతారు. వాటి స్థానంలోకి పెట్టెల్లో అమ్మే వేషాలు వచ్చాయి. రబ్బరుతాడు ఉన్న ప్లాస్టిక్ ముఖం, రొమ్ము మీద ఆ పాత్ర బొమ్మే అచ్చువేసిన చొక్కా. నువ్వెవరో చెప్పడానికి నీ గుండెమీద నీ బొమ్మే అతికించుకోవడం ఏం వేషం? వేషం అంటే చూసేవాడు పోల్చుకోవాలి. మన పగటి వేషాలవాళ్ళకి తెలిసిన విద్య అది. ఇప్పుడు హైదరాబాదు మాల్స్‌లో కూడా హాలోవీన్ జరుపుతున్నారు, మంచిదే. కానీ ఆన్‌లైన్‌లో తెప్పించిన అస్థిపంజరం చొక్కా తొడిగి ఫోటో తీసి పంపడంతో తల్లి పని అయిపోతోంది. దసరాకి పులివేషం కట్టేవాడి ఒంటిమీద గీతలు వేసే రంగుపనివాణ్ణి మీ పిల్లలకి చూపించారా? ముందు ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ తర్వాత గబ్బిలమైనా కట్టించండి, పిల్లి అయినా కట్టించండి, కాకపోతే ఇంట్లో కుట్టండి.

తీపి గురించి కూడా అడిగారు కదా. క్యాండీ కార్న్ అని తెలుపు, నారింజ, పసుపు రంగుల చిన్న మొక్కజొన్న గింజలాంటి మిఠాయి ఉంటుంది. 1880ల నుంచీ ఉంది. తొలిరోజుల్లో పనివాళ్ళు వేడి పాకం బకెట్లు పట్టుకుని, వెనక్కి నడుస్తూ, అచ్చుల్లో రంగు తర్వాత రంగు పోసేవారు. అయితే అంతకన్నా నాకు ఇష్టమైనవి పొరుగిళ్ళలో చేసిచ్చే పాప్‌కార్న్ ఉండలు, పాకంలో ముంచిన ఆపిల్ పళ్ళు. అవి దాదాపు పోయాయి. ముక్కూమొహం తెలియనివాళ్ళు మిఠాయిలో విషమో బ్లేడో పెడతారన్న భయం 1970లలో దేశమంతా పాకింది. 1974లో టెక్సాస్‌లో ఒక పిల్లవాడు నిజంగానే విషంతో చనిపోయాడు. పెట్టింది పొరుగువాళ్ళు కాదు, బీమా డబ్బు కోసం కన్నతండ్రే. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ వెతికి, అపరిచితుడు పంచిన హాలోవీన్ మిఠాయి వల్ల పిల్లలు చనిపోయినట్టు రుజువైన ఉదంతం ఒక్కటీ లేదని తేల్చాడు. అయినా ఇంటి వంట తిరిగి రాలేదు. సీలు వేసిన పొట్లమైతేనే సంచిలో పడనిస్తారు. పొరుగింటి చేతి వంట మీద అంత అనుమానం పెంచుకున్న ఊళ్ళు కోల్పోయింది తక్కువేం కాదు.

గుమ్మడికాయకి సమయం మిగల్లేదు. ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఐర్లండ్‌లో ఈ దీపాలు మొదట గుమ్మడికాయతో చేసినవి కావు, టర్నిప్ దుంపతో చేసినవి. చిన్నది, రాయిలా గట్టిది, తొలిచేసరికి మణికట్టు నొప్పెడుతుంది. కానీ ఆరాక ముడతలు పడి, పళ్ళు బయటపెట్టిన ముసలి మొహంలా తయారవుతుంది. గుమ్మడికాయ నవ్వుకి ఆ క్రూరత్వం ఎన్నటికీ రాదు. డోనెగాల్ ప్రాంతంలోని ఫిన్‌టౌన్ నుంచి వచ్చిన అలాంటి దీపం ఒకటి పాడైపోతుంటే ప్లాస్టర్‌తో దాని అచ్చు తీయించారు. అది కాసల్‌బార్ దగ్గర టర్లో పార్క్‌లో, ఐర్లండ్ జాతీయ మ్యూజియం పల్లె జీవితం విభాగంలో ఉంది. ఐర్లండ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు. ఒక ఆదివారం వెళ్ళి చూసి రమ్మని వాళ్ళకి చెప్పండి.