పత్రికా కొలువునకు తొలి దరఖాస్తు



ఉదయమే వార్తాపత్రికల బల్ల చుట్టు చేరు యువతీయువకులలో కొందరికి తామును పత్రికలో పనిచేయవలెనను కోరిక గలదు. కాని దరఖాస్తు వ్రాయ కూర్చున్నంతనే 'అనుభవము' అను గడి యొద్ద కలము ఆగిపోవును. పని లేనిదే అనుభవము రాదు. అనుభవము లేనిదే పని దొరకదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి యను పల్లెనుండి 'తెనుగు' పత్రికను వెలువరించిరి.  1926 మే 10న హైదరాబాదులో 'గోలకొండ' పత్రికను ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివినవారు. వ్రాయువారు చాలకున్నప్పుడు మారుపేర్లతో తామే వ్రాసిరి. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాయగా, రెడ్డిగారు వాదమునకు దిగి ఊరకుండలేదు. ఊరూరినుండి పద్యములను, వివరములను తెప్పించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను అచ్చువేసిరి. విలేకరి పనియు ఇదియే గదా! మాటకు మాట గాక, మాటకు ఆధారము.

కావున దరఖాస్తుతోపాటు సొంత వ్రాతలు రెండు మూడు జతపరుపవలెను. వానికై దూరము పోనక్కరలేదు. శివరాత్రికి వేములవాడకు లక్షలాది భక్తులు వచ్చిరని యెల్లరును వ్రాయుదురు. మ్రొక్కు తీరిన పిమ్మట రాజన్న కోడె ఎచ్చటికి పోవును? దానికి మేత వేయువారెవరు? దీనిని కనుగొని వ్రాసినవాని కాగితమును సంపాదకుడు రెండవమారు చదువును. సిరిసిల్ల మరమగ్గముల వారికి 2017 నుండి కొన్నేండ్లు బతుకమ్మ చీరల నేత పని లభించెను. ఆ పని యున్న నెలలో ఒక కార్మికుని ఇంటి ఖర్చెంత, లేని నెలలో ఎంత? ఆ లెక్కయే ఒక మంచి వార్త.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. 2000 తరువాతి సంవత్సరములలో సిరిసిల్లలో పలువురు నేతపనివారు ప్రాణములు తీసికొనిరి. అట్టి యింటి గడప త్రొక్కినవాడు కారణమును ఊహించి వ్రాయరాదు. ఇంటివారిని, ఇరుగుపొరుగును, తోటి పనివారిని అడుగవలెను. తేలనిది తేలలేదనియే వ్రాయవలెను. తప్పుగా అచ్చయిన ఒక్క మాట ఆ పిల్లలను బడివరకు వెంటాడును. మరునాటి సవరణను చదువువారు కొందరే.

ఇక మిగిలినవి చిన్న పనులు. ఒకే వార్తను నెలదినములు రెండు పత్రికలలో పోల్చి చదువవలెను. ఈ బల్లపై రెండును గలవు. ప్రవేశపరీక్షలలో ఆంగ్లమునుండి అనువాదము తరచుగా నుండును గనుక దినమునకొక పేరా తెనిగించుట మేలు. కంప్యూటరుపై తెలుగు టైపు నేర్వవలెను. పెద్దలవద్ద కొంచెము ఉర్దూ నేర్చినచో నిజాము కాలపు భూమి కాగితములు చదువ వీలగును. పట్టణపు అభ్యర్థులలో ఈ విద్య గలవారు అరుదు. దరఖాస్తు ఒక్క పుటకు మించరాదు. సంపాదకుని పేరులో అక్షరదోషము మాత్రము క్షమింపబడదు.

జీతమును గూర్చి ముందే యడుగుట అవమానము కాదు. గ్రామ విలేకరులలో అనేకులకు నెలజీతముండదు. అచ్చయిన వార్త కొలతనుబట్టి కొద్ది సొమ్ము ముట్టును. కొన్నిచోట్ల ప్రకటనలును తెమ్మందురు. అది తెలిసికొని, ఇంటివారితో ఆలోచించి, పిమ్మటనే సంతకము చేయవలెను.